అంచు దగ్గర నల్లచుక్కలు

“రేపు నువ్వు పోవుడు లేదు. అంతే.”

“పోత బాపమ్మా. ఆ మిషన్ మాకు రేపొక్క దినమే ఇచ్చిండ్రు. మళ్లెప్పుడిస్తరో తెల్వది.”

“ఇయ్యకుంటే మాయె. సూరత్ మొత్తం మూతికి గుడ్డ కట్టుకొని కరోనాకు భయపడి ఉరుకుతుంటే, నువ్వు దాన్ని దేవులాడుకుంట పోతవా?”

“దేవులాడుడు కాదు, ఫొటో తీసుడు. అయినా అది సచ్చిపోయింది. వేరే ఊర్ల పెద్ద ల్యాబుల మందుల ముంచి, సంపినంకనే మా కాడికి పంపిండ్రు.”

“సచ్చిందని నీకెట్ల ఎరుక? ముక్కు కాడ చెయ్యి వెట్టి చూసినవా?”

“దానికి ముక్కుండదు బాపమ్మా!”

గోడకు ఆనుకొని అన్నం తింటున్న నా కొడుకు పక్కున నవ్వాడు. నేను వాడి వైపు చూసేసరికి తల దించుకొని అన్నం కలుపుకోసాగాడు.

అది కరోనా వచ్చిన మొదటి ఏటి వానాకాలం. సూరత్ అమ్రోలిలో మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. కోడలు అన్నీ మూతపడకముందే తల్లిగారింటికి పోయింది. రైళ్లు మొదలయ్యాక కూడా ఇప్పుడే రావద్దని నేనే చెప్పాను. అలా ఇంట్లో మిగిలింది నేను, కొడుకు, వాడి బిడ్డ. కొడుకు ఖటోదరాలో ఒక పాత ఖాతాలో పని చేస్తాడు. బట్ట నేసే సాంచాలు నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మనవరాలు డిగ్రీ చదివి, ఊళ్లోనే ఒక కాలేజీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న గదిలో పనికి కుదిరింది. మామూలు మైక్రోస్కోపుకు కనబడనంత చిన్నవి కూడా దానికి కనబడతాయట. మూడో తరగతితో ఆగిపోయిన నాకు అంతకు మించి ఎక్కలేదు.

నా భయమల్లా కొడుకు గురించే. చిన్నప్పటి నుంచి సాంచాల మధ్య నూలు దుమ్ము పీల్చిన ఛాతీ వాడిది. వాన పడితే చాలు, దగ్గు మొదలవుతుంది. ఆ జబ్బు మా గడప దాటి లోపలికొస్తే వాడు తట్టుకోలేడని నాకు తెలుసు. అందుకే మనవరాలు పని నుంచి రాగానే గదిలోకి రానిచ్చేదాన్ని కాదు. వాకిలి పక్క మోరీ దగ్గరే స్నానం, అక్కడే బట్టలు నానబెట్టడం. అరిగిన సబ్బు ముక్కలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి దాని చేతికిచ్చేదాన్ని. కొత్త సబ్బు అడిగితే, నురుగు వస్తుందా లేదా అని అడిగేదాన్ని. దాని కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. కొడుకు మాత్రం తలనిండా నూలు పీచుతో నేరుగా లోపలికి వచ్చి నా పక్కన కూర్చొని తినేవాడు. వాడి పని మాకు తెలిసిన పని. దానికి భయపడాలని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం మనవరాలు కోపంతో లేచిపోతుందనుకున్నాను. అది లేవలేదు. దూరం నుంచే ఫోను నేల మీద జరిపింది.

“తిట్టుడు ఆపి జర చూడు. చూసినంక వద్దంటే అప్పుడు మాట్లాడుదాం.”

“ముట్టుకుంటే అంటుతదా?”

“ఫొటోకెళ్లి అంటదు బాపమ్మా.”

అయినా కొంగు చేతికి చుట్టుకొనే ఫోను అందుకున్నాను. రంగులేమీ లేవు, అంతా బూడిద వన్నె. జబ్బు సోకిన కణాలను జిగురు లాంటి దాంట్లో పెట్టి గట్టిపడనిచ్చి, వజ్రపు కత్తితో కంటికి ఆనని పొరలుగా కోసి, ఆ పొరను చూస్తే వచ్చిన ఫొటో అట.

“వజ్రంతోని కోస్తరా?” అన్నాను. “ఈడ ఉల్లిగడ్డ కోసే కత్తి మొండిదైతే, గచ్చుకు రుద్దుకొని వాడమంటున్న నేను.”

“మన సూరత్ వరాఛాల వజ్రాలు సానవడుతరు, మేం వజ్రంతోని కోస్తం. ఎవరి పని వాళ్లది.”

ఫొటోలో ఒక పెద్ద ముద్ద ఉంది. అదే కణమంది. దాని అంచు చీర అంచులా తిన్నగా లేదు, ముడతలు పడి ఉంది. ఆ ముడతల పక్కన చిన్న చిన్న నల్లచుక్కలు. కొన్ని అంచును పట్టుకొని ఉన్నాయి. లోపల సంచీ లాంటి దాంట్లో కొన్ని ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉన్నాయి. ఊరంతటినీ ఇళ్లలో కూర్చోబెట్టింది ఇవేనా అని చాలాసేపు చూశాను.

“లోపటికి పోతున్నయా, బయటికొస్తున్నయా?”

“ఒక్క ఫొటోల తెల్వది బాపమ్మా. ఎక్కడియి అక్కడ ఆగిపోయినయి గద. అందుకే మస్తు ఫొటోలు తియ్యాలె. రేపు అదే పని.”

“మనిషి లోపటికైతే ఎట్ల పోతది?”

“నోట్లకెళ్లి, ముక్కులకెళ్లి. జబ్బున్నోళ్ల తుంపర్లు మనకు తాకితే చాలు.”

నోరు అనగానే ఫోను కింద పెట్టాను. కొడుకు వైపు తిరిగాను. వాడు నడిపే సాంచాలనే రాత్రి పాళీలో నడిపే మనిషి ఒకడున్నాడు. వాడిని జోడీ అంటారు.

“మొన్న నీ జోడీకి దగ్గు లేసిందంటివి గదరా?”

“లేసింది. ఐతేంది?”

“పనికొస్తున్నడా?”

“రాకుంటే సేఠ్ ఊకుంటడా?”

“నాడెలు ఎవలయి వాళ్లకున్నయా?”

వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

పాత సాంచాల మీద పని చేసినవాళ్లకు ఇది చెప్పనక్కర లేదు. సాంచాలో అటూ ఇటూ ఉరికే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోతే కొత్త కండె పెట్టాలి. దాని పోగు నాడె పక్కనున్న సన్నని కన్నంలోంచి బయటికి రావాలి. వేళ్లతో రాదు. కన్నానికి పెదవులు ఆనించి ఒక్కసారి గట్టిగా పీలిస్తే పోగు నాలుక మీదికి వస్తుంది. పాళీ పొడుగునా అదే పని. మా ఇళ్లలో ఒకరు తాగిన చెంబు ఇంకొకరు నోటికి తగలనివ్వం, పైనుంచి ఎత్తిపోసుకుంటాం. కానీ నాడెకు ఎంగిలి పట్టింపు లేదు. నేనూ అలాగే పీల్చాను, మా అమ్మా అలాగే పీల్చింది.

మనవరాలు తండ్రి వైపు తిరిగింది. “బాపూ, ఆయన నోరు వెట్టిందానికే నువ్వు నోరు వెడుతున్నవా?”

“ఆయన దిగుతడు, నేనెక్కుత. అవే నాడెలు. కొత్తయి యాడికెళ్లి తెస్త? గాలికి ఆరిపోతయి తియ్.”

“ఆరుతయో లేదో నాకైతే తెల్వది బాపూ. రేపు పనికి పోకు. టెస్ట్ చేయించుకో.”

“నాకేమైంది?”

“లే,” అన్నాను నేను. “కంచం తీస్కొని ఆ కిటికీ కాడ కూసో.”

“ఏందవ్వా! ఇంతసేపు దాన్ని పట్టుకున్నవు, ఇప్పుడు నా మీద వడ్డవా? రేపు పోకుంటే నా సాంచాలు వేరేటోనికిస్తడు.”

“ఇస్తే ఇయ్యనీ. ముందు లే.”

వాడు విసురుగా లేచాడు. కిటికీ దగ్గరికి పోయి కూర్చున్నాక దగ్గాడు. వానాకాలం రోజూ వినే దగ్గే. అయినా ఆ రోజు నేను, మనవరాలు ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ, రెండోసారి వస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాం. వచ్చింది.

మరునాడు పొద్దున ఖాతా నుంచి ఫోను వచ్చింది. జోడీకి జ్వరమొచ్చి పాళీ మధ్యలోనే దిగిపోయాడట. సాంచాలు ఆగి ఉన్నాయి, తొందరగా రమ్మన్నారు. కొడుకు తానూ రావడం లేదని చెప్పి ఫోను పెట్టేశాడు. మనవరాలు ముందు, వాడు నాలుగు బారల దూరంలో వెనక, ఇద్దరూ మున్సిపాలిటీ వాళ్ల టెస్టుల గుడారం దాకా నడిచిపోయారు. వాణ్ని వరుసలో నిలబెట్టి అది అటునుంచి అటే కాలేజీకి పోయింది. నేను వద్దనలేదు. వాళ్లు పోయాక కిటికీ రెక్కలు రెండూ తెరిచి గది కడిగాను.