సముద్రపు రాళ్లు, అమ్మ ముక్కు

సైదాబాద్‌ల మా ఇంట్ల ఎన్నడూ చేప ఉడకలే. బాపు గుడిల అర్చకుడు. గసొంటి ఇంటికి నేను బార్కస్‌ల ఉన్న అక్వేరియం దుకాణం నుంచి సముద్రపు రాళ్లు తెచ్చిన. ఆ రాళ్ల రంధ్రాలల్ల సన్నసన్న జీవాలుంటయి. ఉప్పునీళ్ల అక్వేరియంను శుభ్రంగ ఉంచేది అవే. తెచ్చేటప్పుడు కొన్ని చచ్చిపోతయి కాబట్టి, ఆ కుళ్లు పోయేదాక రాళ్లను టబ్బుల విడిగ పెట్టాలె.

"వాసన మొత్తం పోయినంకనే అక్వేరియంల పెట్టు భాయ్" అని దుకాణపాయన మరీమరీ చెప్పిండు.

రోజూ పాత బ్రష్‌తోటి చచ్చిందంతా గీకి, ఉప్పునీళ్లు మార్చిన. పది రోజులకు నాకు వాసన రాలే. రాళ్లు తీయబోతుంటే అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఉరికొచ్చింది.

"ఇంకా కంపు కొడ్తనే ఉంది, తీయకు!"

నాకు మస్తు కోపమొచ్చింది. "చేప పేరెత్తితేనే నీకు కంపొస్తది" అని లొల్లి చేసిన. తీరా అడుగు రాయి తిప్పి చూస్తే, సందుల నల్లగ కుళ్లిన ముద్ద. మళ్ల బ్రష్ పట్టుకొని గీకిన.

ఇంకో రెండు వారాలకు, ఒక పొద్దుగాల అమ్మ కొంగు అడ్డం లేకుండనే టబ్బు మీదికి వంగింది. "ఇగ పెట్టుకో" అన్నది.

ఇప్పుడు ఆ రాళ్లు ఊదారంగు తేలినయి. ఒక సందుకెల్లి చిన్న పురుగు విసనకర్ర లెక్క విచ్చుకుంటది. మొన్న దుకాణపాయన ఇంటికొచ్చి చూసి, "కుళ్లు మొత్తం పోయిందని ఏ కిట్‌తోటి నీళ్లు టెస్ట్ చేసినవ్ భాయ్?" అని అడిగిండు.

వంటింట్ల పోపు పెడుతున్న అమ్మను పిలుచుకొచ్చి ఆయన ముందట నిలబెట్టిన.