పురానాపూల్ గల్లీలో ఒకే ఒక్క ప్రశ్న

పాతబస్తీకి నేను ఎప్పుడు వెళ్ళినా గాజుల కోసమో బిర్యానీ కోసమో వెళ్ళినదాన్నే. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి మాదాపూర్‌లో స్థిరపడ్డ నాలాంటివాళ్ళకు ఊళ్ళో ఆ భాగం ఆదివారం షికారు మాత్రమే. ఈసారి వెళ్ళింది మాత్రం ఓ చిన్న డబ్బా కోసం. పురానాపూల్ దగ్గర మూసీకి ఆనుకుని ఒక పల్లపు గల్లీ ఉంది. నది ఉబ్బితే నీళ్ళు మోరీల్లోంచి, అంటే మురుగుకాల్వల్లోంచి, వెనక్కి తన్ని ఇళ్ళలోకి వస్తాయి. అది ముందుగా తెలియాలని మా ఆఫీసు వాళ్ళం వేసవిలో అక్కడి ఇళ్ళ గోడలకు సెన్సర్ డబ్బాలు బిగించాం. తీగలుండవు, బ్యాటరీయే ఆధారం. గల్లీ చివరి డబ్బా తన కబురు పక్కదానికి చెబుతుంది, అది దాని పక్కదానికి. అలా మొదటి ఇంటి డబ్బాకు చేరి అక్కడి నుంచి మా కంప్యూటర్‌కు వస్తుంది. ఏళ్ళ తరబడి వస్తాయనుకున్న బ్యాటరీలు వానాకాలం సగంలోనే నీరసించాయి. మొదటి ఇంటి డబ్బా అయితే ఇవాళో రేపో అన్నట్టుంది. సీలు వేసిన డబ్బాలు కాబట్టి మామూలు బ్యాటరీలు పనికిరావు, వాటికి తగ్గవి రావడానికి ఇంకో వారం పడుతుందన్నారు. వాన వారం ఆగదు కదా. శనివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని బయలుదేరాను.

మాదాపూర్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు మెట్రోయే హాయి. అమీర్‌పేటలో రైలు మారి ఎంజీబీఎస్‌లో దిగాలి, దాదాపు గంట ప్రయాణం. అక్కడి నుంచి ఆటోకు నూట యాభై లోపే అవుతుంది. పత్తర్‌గట్టి రద్దీ మీదుగా వద్దని చెబితే బేగంబజార్ వైపు నుంచి త్వరగా తీసుకెళ్తారు. నాకు దొరికిన డ్రైవర్ పేరు ఖదీర్ భాయ్.

"ఈ వానల పురానాపూల్‌ల ఏమున్నది మేడం? చార్మినార్ దిక్కు పోండ్రి, చాయ్ తాగుండ్రి," అన్నాడు.

"గోడకు పెట్టిన మిషన్ చూడాలి భాయ్. బ్యాటరీ అయిపోతోంది."

"నా ఫోన్ గూడ గంతే. మా బేగం గడియకోపారి 'కహాఁ హో, యాడున్నవ్' అని అడుగుతది. జవాబు చెప్పి చెప్పి పొద్దూకే వరకు ఖతం!"

నవ్వాను గానీ, మా జబ్బు కూడా అదే. నీళ్ళు ఎంతున్నాయో కొలవడానికి డబ్బాకు పెద్దగా ఖర్చుండదు. కొలిచింది గాలిలోకి పంపడానికే బ్యాటరీ కరిగిపోతుంది. మా కంప్యూటరేమో నిమిషానికోసారి డబ్బాలన్నిటినీ అడుగుతూ వచ్చింది. ఎండిన మోరీల దగ్గరి డబ్బాలు "నీళ్ళు లేవు, నీళ్ళు లేవు" అని చెప్పడానికే వేసవంతా ఒళ్ళు హూనం చేసుకున్నాయి.

మొదటి ఇల్లు రాజేశ్వరమ్మ గారిది. తరతరాలుగా తాళ్ళు, చాపలు టోకున అమ్మే కుటుంబం. కొడుకూ కోడలూ బేగంబజార్‌లో దుకాణం చూసుకుంటారు. పక్షవాతం వచ్చిన భర్త విఠల్ సేఠ్ ముందు గదిలో మంచం మీదే ఉంటారు. నన్ను చూడగానే ఆవిడ, "ఏందమ్మా, మా డబ్బకు పానం బాగలేదా?" అన్నారు.

"అన్ని డబ్బాల కబుర్లూ దీని మీదుగానే వెళ్ళాలి కదా పెద్దమ్మా, అందుకే అన్నిటికంటే ముందు అలసిపోయింది."

"గల్లీ మొత్తం ముచ్చట గిదొక్కటే మొయ్యాల్నా? పాపం!" అని కొంగుతో దాని మీది దుమ్ము తుడిచారు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. పని తొందరలో వద్దనబోయి కూర్చున్నాను.

చాయ్ తాగుతూ నేను చేయబోయేది చెప్పాను. ఇక మీదట డబ్బాలను ఎవరూ ఊరికే అడగరు. వాటికవే కొలుచుకుని మౌనంగా ఉంటాయి, నీళ్ళు ఒక గీత దాటితేనే పలుకుతాయి. పక్కవాళ్ళ కబుర్లన్నీ విడివిడిగా మోయకుండా, అన్నిట్లోకి నీళ్ళు ఎక్కువున్నది ఏదో అదొక్కటే ముందుకు పంపుతాయి. గీత మోకాలి ఎత్తున పెడదామని ఆఫీసులో అనుకున్నాం.

"మోకాలా?" రాజేశ్వరమ్మ గారు భర్త వైపు చూశారు. "గంత దాకొస్తే ఈయన్ని నేనెట్ల లేపుత బిడ్డా?"

సేఠ్ గారు మెల్లగా ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడ మంచం మీదికి వంగి విని చెప్పారు. "ఎత్తెటోళ్ళు రావాలె గదా, జెర ముందుగాల చెప్పమంటున్నడు."

గీతను మోరీ అంచుకంటే కిందికి దించాను. గల్లీలో నడుస్తూ ఒక్కో గుమ్మం ముందు ఆగి, ఒక్కో డబ్బాకూ కొత్త ప్రోగ్రాం పంపాను, మా కంప్యూటర్ నిమిషానికోసారి అడగడం ఆపేశాను. మొదటి ఇంటి డబ్బాను మాత్రం ముట్టుకోలేదు. మార్పు మధ్యలో అది ఆగిపోతే గల్లీ మొత్తం మూగబోతుంది.

పని ముగించి రాజేశ్వరమ్మ గారింటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాన దంచడం మొదలైంది. తిరుగు ప్రయాణానికి ఆగమన్నానని ఆటోలోనే కూర్చుని ఫోన్ చూస్తున్న ఖదీర్ భాయ్ పరిగెత్తుకొచ్చాడు. "మేడం, ఎగువన డ్యాం గేట్లు ఎత్తిన్రట!"

నా స్క్రీన్ మీద ఏమీ లేదు. డబ్బాలు పలకలేదంటే నీళ్ళు గీత దాటలేదన్నమాట. లేదా మొదటి డబ్బా ప్రాణం పోయి కబురు రావడం లేదన్నమాట. మౌనం ఒక్కటే, అర్థాలు రెండు. వెళ్ళి చూద్దామంటే నదికి అన్నిటికంటే దగ్గరున్న గల్లీ చివరి ఇంటికి తాళం, వాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. మోరీ మీద బండలు పరిచి ఉన్నాయి. పాత పద్ధతిలో అన్నిటినీ ఒక్కసారి అడిగేయాలని వేళ్ళు తహతహలాడాయి. కానీ అన్ని జవాబులు మోసే ఓపిక ఈ డబ్బాకు లేదు. సేఠ్ గారు మంచం మీద నుంచి నన్నే చూస్తున్నారు. చివరి డబ్బా ఒక్కదాన్నే, ఒకే ఒక్క అంకె అడిగాను.

జవాబు వచ్చేదాకా నాకు వాన చప్పుడు కూడా వినపడలేదు. వచ్చింది. నీళ్ళు గీతకు కొద్దిగా కిందే ఉన్నాయి, అదీ పొద్దున ఎండిపోయి ఉన్న మోరీలో.

"పెరుగుతోంది పెద్దమ్మా. ఇప్పుడే పైకి తీసుకెళ్దాం."

రాజేశ్వరమ్మ గారు కేకేస్తే ఎదురింటి అన్నదమ్ములు ఇద్దరు వచ్చారు. వాళ్ళు కాళ్ళు పట్టుకుంటే ఖదీర్ భాయ్ సేఠ్ గారి భుజాల కింద చేతులు వేశాడు. సేఠ్ గారు తన మంచి చేత్తో అతని మెడ గట్టిగా వాటేసుకున్నారు. "ఫికర్ నక్కో సేఠ్, హమ్ హైఁ నా," అని ధైర్యం చెబుతూ ఇరుకు మెట్ల మీద ఆగి ఆగి ఎక్కాడు. పై గదిలో పడుకోబెట్టి రాజేశ్వరమ్మ గారు దుప్పటి కప్పుతుండగా నా ఫోన్ మోగింది. ఈసారి ఎవరూ అడగలేదు, డబ్బాయే చెప్పింది. గీత దాటింది. అన్నదమ్ములు గల్లీలో తలుపులు తట్టుకుంటూ వెళ్ళారు.

నీళ్ళు కింది గదిలోకి వచ్చాయి, ఖాళీ మంచం కోళ్ళు తడిపాయి. సాయంత్రానికి తగ్గాయి. ఆ కబురు తర్వాత మొదటి డబ్బా మళ్ళీ పలకలేదు.

"పోయిందా?" అన్నారు రాజేశ్వరమ్మ గారు.

"లేదు పెద్దమ్మా. వచ్చే వారం కొత్త బ్యాటరీ వేస్తాం."

"అయితే పండుకోనీ. మస్తు మోసింది," అని గోడ మీది డబ్బాను అరచేత్తో నిమిరారు.

తిరుగు మెట్రోలో కూర్చుని ఆ చేతినే తలచుకున్నాను. కొత్త బ్యాటరీలు వేసి వచ్చాక ఇది రాస్తున్నాను. డబ్బాలు ఇప్పుడు రోజుల తరబడి ఏమీ మాట్లాడవు, బాగున్నామని పొద్దున ఒక్క పలుకు తప్ప. ఆ ఒక్క పలుకు వచ్చినప్పుడు ఇంట్లో మనిషి ఫోన్ చేసినట్టు ఉంటుంది నాకు. ఎప్పుడూ అడుగుతూ ఉండటమే శ్రద్ధ అనుకునేదాన్ని. ఎదుటివాళ్ళలో ఎంత ఓపిక మిగిలిందో చూసి అడగడం ఆ గల్లీలోనే తెలిసింది.

ఇలాంటి పని మీద పాతబస్తీకి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పొద్దున్నే వెళ్ళండి, ఎవరైనా చాయ్ తాగమంటే ల్యాప్‌టాప్ తెరవకముందే కూర్చుని తాగండి. ఆ ఇంట్లో ఎవరు నడవలేరో, ఎవరికి వినపడదో అప్పుడే తెలుస్తుంది.