ఏలీసమ్మ వంతు వచనాలు

నిన్న మా ఆసుపత్రిలో ఒక రోగి స్కానింగును డిస్కులోకి రాస్తుంటే డ్రైవులోంచి సన్నని ఈల లేచింది. ట్రే బయటికి రాగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఆ వాసనకు నా మెడ వెనుక ఇప్పటికీ చలి పుడుతుంది. జ్ఞానప్రకాశం తాత గుర్తొస్తారు.

ఆయన బెంగళూరు వర్తూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. మదనపల్లె వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. నేను నర్సింగు చదివే రోజుల్లో నాకు వాక్యం చదవడం నేర్పింది ఆయనే. మా ఆరాధనలో కీర్తనను వంతులవారీగా చదువుతాం: పెద్ద ఒక వచనం, సంఘం తరువాతి వచనం. చూపు పోయి మంచం పట్టిన ఏలీసమ్మ గుడికి రాలేకపోయేది కనుక, ఆరాధన కాగానే తాతే ఆమె ఇంటికి వెళ్లి ఒక వచనం చదివేవారు. తరువాతిది ఆమె కంఠతా చెప్పేది. సంఘంలో ఆమెకు మిగిలిన చోటు అదొక్కటే.

తాత గొంతులో గడ్డ పెరిగింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషనుకు ముందు నన్ను పిలిచారు.

"నా గొంతును డిస్కుల్లోకి ఎత్తిపెట్టాల పాపా. ఏలీసమ్మకు మాత్రం చెప్పొద్దు. చెప్తే ఆయమ్మ వాక్యం ఇనేది మానేసి నా కోసరం ఏడుస్తా కూర్చుంటాది."

ఏదో ఆఫీసువాళ్లు పాతదైందని సంఘానికి ఇచ్చేసిన కంప్యూటరు, అందులో విండోసుకు బదులు లినక్స్. తాత తన వంతు వచనాలు మైకులో చదివేవారు. ఆ తరువాత తెర మీది నల్లని గడిలో ఆజ్ఞను అక్షరం అక్షరం చెప్పి నాచేత కొట్టించేవారు. ఖాళీ డిస్కు పాడవకుండా మొదట లేజరు వెలగనివ్వకుండా ఉత్తుత్తిగా రాయించేవారు. డిస్కు తిరిగేది, శాతాలు పెరిగేవి, పూర్తయిందని తెర చెప్పేది. తీసి చూస్తే అందులో ఏమీ ఉండేది కాదు. ఆ తరువాతే అసలు రాత. రాసినదాన్ని సరిచూడడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవిలో ఆయన చదివేవారు. పక్క కుర్చీలో ఆయనే నోరు మూసుకుని నన్ను చూస్తుండేవారు.

"వచనాల మధ్య ఈ ఖాళీలు తీసేస్తే ఇంకో కీర్తన పడుతుంది తాతా" అన్నాను.

"తీసేస్తివంటే ఏలీసమ్మ ఎప్పుడు సదవాల?" అని నవ్వారు. ఆ నవ్వు కూడా డిస్కులోకి ఎక్కించి ఉండాల్సింది.

ఆపరేషనయ్యాక మొదటిసారి ఇద్దరం ఏలీసమ్మ ఇంటికి వెళ్లాం. తాత మెడకు తువ్వాలు చుట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నారు. కుర్చీ వెనుక నేను ప్లేయరు పెట్టాను. తాత గొంతు గదంతా నిండింది. తాత పెదవులు కదలలేదు. ఖాళీ వచ్చింది. ఏలీసమ్మ తన వంతు చెప్పింది. మళ్లీ గొంతు. మళ్లీ ఆమె.

ఉన్నట్టుండి ఆమె, "ఏమన్నా, పెట్టెలో కూర్చోని సదువుతాండావా?" అంది.

ఆమె వంతుకు వదిలిన ఖాళీ అలాగే గడిచిపోయింది. ఆమె చెప్పేసినట్టే డిస్కులోని తాత తరువాతి వచనానికి వెళ్లిపోయారు.

ఏలీసమ్మ చెయ్యి తడుముకుంటూ ఆయన భుజానికి, అక్కడినుంచి మెడకు పాకింది. తువ్వాలు కింద, గొంతు కుదురులో ఆపరేషను చేసి పెట్టిన రంధ్రం మీద వేళ్లు ఆగాయి. వెనుక ఆయన గొంతు చదువుతూనే ఉంది.

"ఊపిరి ఈడ్నుంచి వస్తా ఉండాదే..." అంది మెల్లగా. ఏడుస్తుందనుకున్నాను. "పాపా, ఆ పెట్టె ఆపు. మనిషి ఈడుంటే గొంతు ఆడెందుకు? అన్నా, ఇంక నీ వంతు నేను చెప్తా. నా వంతుకు నువ్వు ఊపిరి వదులు. నా చేతి ఏళ్లకు తెలుస్తాది."

ఆపాను. ఆమె ఒక వచనం చెప్పి ఆగింది. మెడలోంచి పొడవైన గాలి ఈలలా వచ్చింది. ఆమె తలూపి మరో వచనం అందుకుంది. నాకు భయమేసింది, అయినా మోకాళ్ల మీద కూర్చున్నాను. మట్టిలోకి ఊపిరి ఊదిన దేవుడు ఆ గదిలోనే ఉన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. వాళ్లిద్దరూ ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నారు.

మా వార్డులో ఊపిరాడడానికి మెడకు గొట్టం వేసినవాళ్లు ఉంటారు. వాళ్లలో విశ్వాసులెవరైనా సైగ చేస్తే పక్కన కూర్చుని కీర్తన చదువుతాను. ఒక వచనం చదివి, గొట్టం అంచు దగ్గర వేలు పెట్టి ఆగుతాను. గాలి తగిలేదాకా రెండోది మొదలుపెట్టను.