నా మొదటి మంగలి కత్తి: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

సోమవారం పొద్దున ఏడు గంటలకు మా ఊరి మలుపు దగ్గర జనగామ బస్సు ఎక్కాను. మా ఊరు దేవరుప్పుల మండలంలో ఉంది. సంచిలో రెండు చీరలు, నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం. డబ్బులు కొంగున ముడేసుకున్నాను. తెలంగాణ కోసం రోజుకో బందు జరుగుతున్న కాలం అది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవరుకే తెలియదు. అందుకని బందు లేని రోజు చూసుకుని బయలుదేరాను. నేను పోయేది ఒక కత్తి కొనడానికి. కూరగాయల కత్తి కాదు, గడ్డం గీసే మడత కత్తి.

ఆడమనిషికి ఆ కత్తితో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఊళ్ళో అందరూ అడిగారు. మా ఆయన కొమురయ్య ఇరవై ఏళ్లుగా ఊరికి గడ్డాలు, తలలు చేస్తున్నాడు. ఆ పనికి ఏడాదికొకసారి కోతలప్పుడు ఇంటింటి నుంచి వడ్లు వస్తాయి, వాటితోనే మా పొయ్యి వెలుగుతుంది. ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. రెండు నెలలు ఊరు ఓపిక పట్టింది. తరువాత పెద్దమనుషులు కూర్చుని, పక్క ఊరాయనను పెట్టుకుందామన్నారు. "పని నేను చేస్త" అని లేచి నిలబడ్డాను. అందరూ నవ్వారు, నర్సింలు పటేల్ మాత్రం నవ్వలేదు. "వచ్చే ఆదివారం పొద్దుగూకే లోపట ఒక్క గడ్డం గాటు పడకుంట గీసి చూపెట్టు. లేకుంటె ఆయనను పిలిపిస్తం" అన్నాడు.

మా ఆయన కత్తి ఉంది కదా అంటారేమో. ఇరవై ఏళ్లు ఒకే ఎడమ చేతి కింద అరిగి అది వెదురాకులా పలచబడింది, అంచు ఒక పక్కకే అరిగిపోయింది. కుడి చేత్తో పట్టి ఆయన చెంప మీదే ప్రయత్నిస్తే చెవి కింద తెగింది. ఆయన సగం నోటితోనే నవ్వి, "గిది నా కత్తి, నా మాటే ఇంటది. నీది నువ్వు తెచ్చుకో" అన్నాడు.

ఎనిమిదింపావుకు జనగామలో దిగాను. బస్టాండులో చాయ్ తాగి, మార్కెట్టులో దువ్వెనలు, కత్తెరలు అమ్మే పాత దుకాణానికి పోయాను. సేటు అప్పుడే తలుపులు తీసి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు.

"ఇప్పుడు మడత కత్తులు ఎవరు కొంటున్నరమ్మా? అందరు సగం బ్లేడు పెట్టేదే తీస్కపోతున్నరు" అన్నాడు.

"బ్లేడంటె రోజు కొనాలె సేటూ. మాకు వడ్లు ఏడాదికొక్కపారి వస్తయి."

ఆయన లోపలికి పోయి దుమ్ము పట్టిన డబ్బా తెచ్చి నాలుగు కత్తులు పరిచాడు. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూశాను. చిన్నప్పటి నుంచి నాకు అలవాటైన ఇనుము కొడవలి. కొడవలి బరువుగా ఉంటేనే చెయ్యి నొప్పి లేకుండా కోత సాగుతుంది. ఆ లెక్కనే అన్నింటిలో బరువైనది, వెడల్పైనది, అద్దంలా మెరిసేది ఏరుకున్నాను. నూట ఎనభై రూపాయలు. సేటు కాగితంలో చుట్టి ఇస్తూ, "మంచిదే ఏరినవ్" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

కత్తి పట్టడం నేర్చుకోవడానికి ఇక మానుకోటలో మా బావ దగ్గరకు పోవాలి, రైలు పదకొండు గంటలకు రావాలి. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ముందెక్కడో జనం పట్టాల మీద కూర్చున్నారట, పన్నెండున్నరకు వచ్చింది. టికెట్టు ఉన్నా సీటు లేదు. తలుపు దగ్గర మూటల మీద ఒక లంబాడా ఆమె కూర్చుని ఉంది. బయ్యారం దగ్గర తండా అట, పట్నంలో కూలికి పోయి తిరిగి వస్తోంది. జరిగి నాకు చోటిచ్చింది. రొట్టెలు తీసి చెరి రెండు తిన్నాం. సంచిలో కాగితం పొట్లం చూసి అడిగింది.

"అది ఏంది అక్కా?"

"కత్తి."

"ఎవర్ని కొయ్యనీకి?"

"గడ్డం గీయనీకి."

"మొగునిదా?"

"ఊరోళ్లందరిది."

ఆమె ఎంత నవ్విందంటే పక్కనున్న ముసలాయన కూడా ఏమిటని తొంగి చూశాడు. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుని, "మా తండకు రా. మావోళ్ల గడ్డాలు జూస్తె మేకలే సిగ్గుపడ్తయి" అంది. కత్తి పట్టకముందే గిరాకీ దొరికింది.

మానుకోటలో దిగేసరికి నాలుగున్నర. స్టేషను వెనకాలే మా అక్క ఇల్లు, ముందు గదిలో బావ సత్తయ్య దుకాణం. కాళ్లు కడుక్కుని పొట్లం విప్పి బావ ముందు పెట్టాను. ఆయన కత్తి తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాడు.

"మరదలా, గిది కత్తా, గొడ్డలా?"

తన చెంపకు సబ్బు రాసుకుని ఆ కత్తితో రెండు వేళ్ల మేర గీసి చూపించాడు. వెంట్రుక తెగలేదు, పీక్కుని వచ్చింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వీపు మందం, అంచు మందం, ఎంత సాన పట్టినా దీనికి పదును నిలవదన్నాడు. నూట ఎనభై రూపాయలు పోతే పోయాయి, వాటితో పాటు ఒక రోజు కూడా పోయింది.

గోడకు వేలాడుతున్న బావ పొదిలో ఆరు కత్తులున్నాయి. పొది అంటే మా పనిముట్ల తోలుసంచి. "అండ్లకెల్లి ఒకటియ్యి బావా, పైసలిస్త" అన్నాను.

ఆయన ముఖం మారింది. "పొదిల కత్తి ఆడోళ్ల చేతికిస్తరా? గసొంటి పద్ధతి మన ఇండ్లల్ల ఉన్నదా?"

"మరి దినాం వాటిని కడిగేదెవరు?" వంటింట్లో నుంచి మా అక్క అంది. "తుడిచేదెవరు? నూనె రాసి పొదిల పెట్టేదెవరు? నీ అవ్వనా?"

"కడుగుడు వేరు, గీసుడు వేరు."

"అవ్ వేరే. కడుగుడుకు పైసల్ రావు."

బావ కత్తి ఇవ్వలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. పొదికి ఆయన ప్రతి పండుగకూ దండం పెడతాడు, భయం నిజమైనదే. కానీ నా ఆదివారం ఆయన భయం కోసం ఆగదు. అక్క అన్నం పెడుతూ, "భూపాలపల్లి పో చెల్లె. రాజలింగం మామ ఉన్నడు గద. ఆయనకు ఎవ్వల భయం లేదు" అని చెప్పింది. మామ మా అమ్మకు తమ్ముడు.

మంగళవారం పొద్దున ఆరున్నరకు రైలెక్కి ఎనిమిదింటికి వరంగల్లులో దిగాను. ఆటోలో హనుమకొండ బస్టాండు, అక్కడ రెండు ఇడ్లీలు, తొమ్మిదిన్నరకు పరకాల మీదుగా పోయే బస్సు. మీరు పోతే కుడి పక్క కూర్చోకండి, ఎండ మొహం మీదే కొడుతుంది. నా పక్కన కూర్చున్నది బొగ్గు బావిలో పనిచేసే మనిషి. గడ్డం ఛాతీ దాకా ఉంది. మా పనివాళ్లకు అలాంటి గడ్డం చూస్తే చెయ్యి ఆగదు.

"గడ్డం గట్ల పెంచినవేంది తమ్మీ?"

"తెలంగాణ వచ్చేదాంక తియ్యనని ఒట్టు పెట్టుకున్న అక్కా. మా షిఫ్టుల ఇరవై మందిమి పెట్టుకున్నం."

"మీరందరు గట్ల ఒట్లు పెట్టుకుంటె మంగలోళ్లు ఏం తినాలె?"

"వచ్చిన దినం అందరం ఒక్కపారే వస్తం. గప్పుడు చేతులు గుంజుతున్నయని ఏడ్వద్దు మల్ల!"

పన్నెండింటికి భూపాలపల్లి చేరాను. బావి గేటుకు ఎదురుగా చెక్కలతో కట్టిన మామ దుకాణం. ఆయనకు డెబ్బై దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. నేను చెప్పిందంతా కుర్చీలో ఉన్న మనిషి గడ్డం గీస్తూనే విన్నాడు. బావ సంగతి చెప్పినప్పుడు, "వానికి వాని పెండ్లాం చెయ్యే వేగంగ నడుస్తదని భయం" అన్నాడు, అంతే.

తిన్నాక మూడు కత్తులు చాప మీద పెట్టాడు. ఒకటి వెడల్పుది, ఒకటి చాలా సన్ననిది, ఒకటి మధ్యరకం, దాని మొన గుండ్రంగా ఉంది. "ఏది మంచిదో నేను చెప్ప. నువ్వే ఏరుకో" అని ఒక మట్టికుండ తెచ్చి బోర్లించి, నిండా సబ్బు నురగ రాశాడు. "కుండకు చప్పుడు రాకుంట నురగ తీయాలె. ఇదే మా నాయిన నాకు నేర్పింది."

మొదట వెడల్పు కత్తి పట్టాను. కుండ గరగరమంది. సన్నది పట్టాను, అది నా చేతిలో వణికి గలగలమంది. మధ్యరకం కూడా గరగరమంది కానీ కొంచెం తక్కువ. మామ నా మణికట్టు మీద వేలు పెట్టాడు.

"కొడవలి గుంజినట్టు గుంజుతున్నవ్ బిడ్డా. కొడవలిని నువ్వు నడిపియ్యాలె. కత్తి తనంతట తనే నడుస్తది, నువ్వు ఆపుకుంట పోవాలె. గందుకే బరువుది వద్దు."

జనగామలో నేను చేసిన తప్పేమిటో అప్పుడు అర్థమైంది. పొలంలో నేర్చుకున్న చెయ్యిని చెంప దగ్గరకు తెచ్చాను.

మంగళ, బుధ రెండు రోజులూ కుండతోనే గడిచాయి. ఏ కత్తిని ఎంత పడుకోబెడితే చప్పుడు ఆగుతుందో నా చెవికే తెలిసిపోయింది. బుధవారం సాయంత్రం మధ్యరకం కత్తి కింద కుండ అసలు మాట్లాడలేదు. కళ్లు మూసుకుని మూడింటినీ తడిమినా చెయ్యి దానిమీదే ఆగింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చేతిలో పెట్టుకోగానే పిడివైపు వాలిపోకుండా, మొనవైపు తూగకుండా ఉండాలి. మొన గుండ్రంగా ఉంటే చెవి దగ్గర, ముక్కు కింద పొరపాటున పొడవదు. పాతదైనా ఫర్వాలేదు, పదును పెట్టిన చెయ్యి మంచిదైతే చాలు. మెరుపును నమ్మవద్దు.

గురువారం మామ తన చెంప ఇచ్చాడు. దవడ కింద చిన్న గాటు పడింది. పటిక రాసుకుని, "ఇంకో పక్కున్నది, కానియ్యి" అన్నాడు. శుక్రవారం గాటు పడలేదు. శనివారం షిఫ్టు దిగిన ఒకాయన మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోతే మామ భుజం పట్టి కూర్చోబెట్టాడు. గీయడం అయ్యాక ఆయన అద్దంలో చూసుకుని మామతో, "రేపు కూడ అక్కనే ఉంటదా?" అని అడిగాడు.

కత్తికి ఎంత ఇవ్వాలంటే మామ డబ్బు తీసుకోలేదు. నా జనగామ కత్తిని మాత్రం అడిగి పుచ్చుకున్నాడు. చాపలు కట్టే తాళ్లు కోయడానికి పనికొస్తుందట.

ఆదివారం పొద్దున ఆరింటికి బస్సు. హనుమకొండలో ఎనిమిదిన్నర. జనగామ బస్సు దొరికింది కానీ దారిలో రాస్తారోకో, మూడు గంటలు రోడ్డు మీదే ఉన్నాం. కిటికీలోంచి పొద్దు ఎంత ఎక్కిందో చూస్తూ కూర్చున్నాను. జనగామ చేరేసరికి ఒంటిగంట దాటింది. దేవరుప్పుల వైపు పోయే బస్సు రెండున్నరకు కదిలింది. మూడున్నరకు మా ఊరి మలుపు దగ్గర మళ్లీ ఆగిపోయింది. దిగి చూస్తే రోడ్డు మీద రాళ్లు, రాళ్ల నడుమ పొయ్యిలు, పొయ్యిల మీద అన్నం డేగిసలు. రోడ్డు మీదే వండుకుని తింటూ నిరసన చేస్తున్నది మా ఊరివాళ్లే. నడుమ మంచం మీద నర్సింలు పటేల్ కూర్చున్నాడు, వారం గడ్డంతో.

"పక్కూరాయన పొద్దుగూకినంక వస్తడు లచ్చమ్మ. మాట అయిపోయింది" అన్నాడు.

"పొద్దింక గూకలే గద పటేలా."

"గిప్పుడు ఇంటికి పోయి, ఊరోళ్లను పిలిచి..."

"పిలుసుడెందుకు? ఊరంత ఈడనే ఉన్నది."

పటేల్ నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. తుండు తీసి మెడ చుట్టూ కట్టుకున్నాడు. నేను డేగిసలోంచి వేడినీళ్లు ముంచుకుని కత్తి కడిగాను. కత్తికి పదును పెట్టే తోలుపట్టీ లేదు, చెప్పులు కుట్టే ఎల్లయ్య తన దగ్గరున్న తోలు ముక్క చాపి పట్టుకున్నాడు. నాలుగుసార్లు అటూ ఇటూ రాసి, సంచిలోని సబ్బుతో పటేల్ మొహానికి నురగ పట్టించాను. బస్సులోవాళ్లంతా దిగివచ్చి గుండ్రంగా నిలబడ్డారు. నినాదాలు ఆగిపోయాయి. కుడి చెంప, ఎడమ చెంప, గదవ, చివరికి గొంతు. గొంతు దగ్గర ఆయన గుటక మింగాడు. ఆ గుటక దిగేదాకా కత్తి ఎత్తి ఆగాను.

"పటేలా, తెలంగాణ గూడ చూడకుంట పోతవేమో!" ఎవరో అరిచారు. జనం నవ్వారు. పటేల్ కదలలేదు, నేనూ కదలలేదు. గుటక దిగాక మిగిలింది గీసేశాను.

ఆయన అరచేతితో గడ్డమంతా తడుముకున్నాడు. చేతిని వెలుతురుకు పట్టి ఎర్రగా ఏమైనా ఉందా అని చూశాడు. లేదు. తుండు విప్పి దులుపుతూ, "పక్కూరాయనకు ఫోన్ చేసి చెప్పుండ్రి, ఆయన రానక్కర్లేదని" అన్నాడు.

కాసేపటికి రాళ్లు జరిపి బస్సుకు దారి ఇచ్చారు. కండక్టరు ఈల వేసి, "అక్కా, ఎక్కు!" అని పిలిచాడు. నా టికెట్టు దేవరుప్పుల దాకా ఉంది, అక్కడ మా ఆయన మందులు తీసుకోవాలనుకున్నాను. కానీ మంచం మీద అప్పటికే ఇంకొకాయన తుండు కట్టుకుని కూర్చున్నాడు, ఆయన వెనక ముగ్గురు నిలబడ్డారు. "నువ్వు పో అన్నా, మందులకు రేపు పోత" అన్నాను.

ఆ నలుగురివీ అయ్యేసరికి పొద్దు గూకింది. మలుపు నుంచి ఇంటికి కిలోమీటరు నడక. ఏడు రోజుల్లో అయిదు బస్సులు, రెండు రైళ్లు ఎక్కాను. అయినా ఆ తిరుగుడు నాకు కష్టంగా తోచలేదు. ఈ పని కత్తి కొంటే వచ్చేది కాదు, దాన్ని పట్టే చెయ్యి తయారు కావాలి, అందుకు అంత దూరం పడుతుంది. వేళ్లకు ఇంకా సబ్బు వాసన వస్తోంది. వాకిట్లో మంచం మీద కొమురయ్య కూర్చుని ఉన్నాడు. వార్త నాకంటే ముందే చేరింది, అయినా నా నోటివెంటే వినాలని అడిగాడు.

"ఎన్ని?"

"అయిదు" అన్నాను. "నీది ఆరోది. మొఖం కడుక్కో."