గట్టు రోడ్డు మీద పన్నెండు నిమిషాలు

మా కారు హెడ్‌లైట్లు ఎంత దూరం చూపిస్తాయో ఒక సాయంత్రం చీకటి పడ్డాక కొలిచాను. ధాన్యం మీద కప్పే నల్ల పట్టా ఒకటి మడిచి కాలవ గట్టు రోడ్డు మీద పెట్టాను. కారు బాగా వెనక్కి తీసుకెళ్ళి, నెమ్మదిగా ముందుకొచ్చి, ఆ పట్టా కంటికి ఆనిన చోట ఆపాను. దిగి టేపు పట్టి చూస్తే పదిహేను మీటర్లు. నమ్మబుద్ధి కాక ఇంకోసారి కొలిచాను. అంతే వచ్చింది.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. రైసు మిల్లులో ధాన్యం తేమ, తరుగు చూసే పని నాది. మిగతా లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని, ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నవే. ఆ పదిహేను మీటర్లకి అర్థమేమిటో అక్కడే నిలబడి తేల్చుకున్నాను. ఎదురుగా ఏదో ఉందని కన్ను గుర్తుపట్టి, కాలు బ్రేకు మీదికెళ్ళి, బండి ఆగేసరికి గంటకి ఇరవై ఐదు కిలోమీటర్ల వేగంలో సుమారు పద్నాలుగు మీటర్లు పోతుంది. నలభైలో అయితే ఇరవై ఏడు. అంటే నేను ఇరవై ఐదు దాటితే, నాకు కనపడిన దాన్ని గుద్దాకే ఆగుతాను.

మా ఊరి నుంచి కంకిపాడు దాకా పద్నాలుగు కిలోమీటర్లు ఆ గట్టు రోడ్డే, అక్కడి నుంచి విజయవాడకి పెద్ద రోడ్డు. ఇరవై ఐదులో వెళితే ముప్పై నాలుగు నిమిషాలు, నలభైలో వెళితే ఇరవై ఒకటి. మలుపుల దగ్గర నిదానానికి ఒక నిమిషం తీసేస్తే తేడా పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల కోసమే ఈ గొడవంతా.

మా ఆవిడకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు విజయవాడలో డయాలసిస్. మాకు దొరికింది పొద్దున ఆరింటి షిఫ్టు. మధ్యాహ్నం షిఫ్టు ఖాళీ అయితే చెప్పమని అడుగుతూనే ఉన్నాను. నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. మనం ఆలస్యంగా వెళ్ళినంత మాత్రాన మిషను ఆలస్యంగా ఆగదు. అక్కడి సిస్టరు మంచమ్మాయే. మొదట్లోనే చెప్పింది.

"అంకుల్, పదిన్నరకల్లా నేను మిషను కడిగి నెక్స్ట్ పేషెంటుని ఎక్కించాలి. వాళ్ళు బయట కుర్చీలో కూర్చుని నన్నే చూస్తుంటారు. మీరు లేటుగా వచ్చిన టైము నేనెక్కడి నుంచి తెచ్చివ్వనండీ?"

ముందే బయలుదేరొచ్చు కదా అని మిల్లులో అందరూ అన్నారు. రాత్రంతా మా ఆవిడకి ఒళ్ళు దురద, కాళ్ళ పిక్కలు పట్టేయడం. దిండు అటు వేసి ఇటు వేసి, ఏ మూడింటికో కన్ను మూతపడుతుంది. నాలుగున్నరకి నేను లేపితే కారెక్కేసరికి ఐదవుతుంది. ఆమెకి ఉన్న నిద్ర మొత్తం అంతే. అందులోంచి ఇంకా కోయడానికి నాకు చెయ్యి రాలేదు. కంకిపాడు టాక్సీ అతను తెల్లారకుండా గట్టు మీదికి రానన్నాడు. విజయవాడలోనే గది తీసుకుని ఒక నెల ఉండి చూశాం. ఆ గదిలో ఆమెకి మూడింటికి కూడా నిద్ర పట్టలేదు.

కాబట్టి నిద్ర తగ్గించలేను, మిషను టైము పెంచలేను, రోడ్డు కురచ చెయ్యలేను. మార్చగలిగింది వేగం ఒక్కటే. దానికి వెలుతురు కావాలి.

ఆపైన కోతలు మొదలయ్యాయి. మా వైపు ధాన్యం ఆరబోయడానికి కళ్ళాలు చాలవు. కోత మిషను కోసిన పచ్చి ధాన్యం తెచ్చి సగం రోడ్డు మీద పోస్తారు. బళ్ళు ఎక్కకుండా అంచున రాళ్ళు పేరుస్తారు. సాయంత్రం పోగు చేసి నల్ల పట్టాలు కప్పి, కాపలాకి పక్కనే పడుకుంటారు. వాళ్ళని తప్పు పట్టే హక్కు నాకు లేదు. తేమ ఎక్కువుందని ఆ ధాన్యాన్ని మిల్లు దగ్గర వెనక్కి పంపేది నేనే.

ఒకరోజు మంచు పట్టింది. ఆమె పక్క సీట్లో శాలువా కప్పుకుని కూర్చుంది. నేను వాచీ చూసుకుని ఒక్క క్షణం ముప్పై ఐదుకి పోనిచ్చాను.

"ఏవండీ! మనిషి!"

బ్రేకు మీద లేచి నిలబడ్డాను. టైరు ఒక రాయిని తన్నింది. పట్టా కిందనుంచి ఒకతను లేచి కూర్చున్నాడు. బంపరుకీ అతని కాళ్ళకీ మధ్య చీపురు పట్టేంత జాగా ఉంది.

"కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా ఏంటయ్యా? ఇంత కారుంది, ఆ దీపాలేంటి, కార్తీక దీపాల్లాగా?"

ఆవిడే అద్దం దించి, "తప్పయిపోయింది బాబూ, ఆస్పత్రికి టైమైపోతోంది" అంది. అతను లోపలికి తొంగి ఆమె మొహం చూసి, గొంతు తగ్గించి, "వెళ్ళండమ్మా. నిదానంగా వెళ్ళండి" అన్నాడు.

నిదానంగానే వెళ్ళాం. ఆరోజు మిషను మీద ఇరవై ఐదు నిమిషాలు పోయాయి.

మర్నాడు విజయవాడ వన్ టౌన్ వెళ్ళాను. స్పేరు పార్టుల కొట్టు అంటే కౌంటరు వెనక మనిషి, మనిషి వెనక పైకప్పు దాకా డబ్బాలు. బల్బులు అడిగితే ఏ వాట్లు అన్నాడు. కంపెనీవి డిమ్ముకి యాభై ఐదు. అతని దగ్గర తొంభైవి ఉన్నాయి. తొంభైని యాభై ఐదుతో భాగించుకున్నాను. ఒకటిన్నరకి పైనే. వెలుతురు అంతకంత పెరిగితే ఇంచుమించు నలభై వేగం అందుతుంది.

"వైరింగు తట్టుకుంటుందాండీ?" అన్నాను.

"చాలామంది తీసుకెళ్తున్నారు సార్. వెనక్కొచ్చి అడిగినవాడు లేడు."

వెనక్కి రాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయని ఆ రోజు నాకు తోచలేదు. ఇంట్లో పాత బల్బులు విప్పుతుంటే లైటు అంచుల్లో దసరాకి ఆవిడ పెట్టిన పసుపు ఇంకా ఎండి ఉంది. తుడవబోతే "ఉండనివ్వండి, అదేం అడ్డం?" అంది. ఉంచాను. కొత్తవి వేసి ప్రహరీ మీదికి కొడితే గోడ పగిలిన చోట్లన్నీ కనిపించాయి. ఆమె అరుగు మీద కూర్చుని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

"గోడకి సున్నం కొట్టించాలి. ఇన్నాళ్ళూ చీకట్లో బాగానే ఉంది."

రెండుసార్లు టైముకి వెళ్ళాం. ఎదురొచ్చిన మోటారు సైకిలు అతను చెయ్యి అడ్డం పెట్టుకుని "డిమ్ము కొట్టవయ్యా!" అని అరిచాడు. అది డిమ్మే.

మూడోసారి, సగం దారిలో కాలిన ప్లాస్టిక్ వాసన. గడ్డి తగలబెడుతున్నారేమో అనుకున్నాను. అంతలో రెండు లైట్లూ ఒక్కసారి పోయాయి. స్టీరింగు దగ్గరి స్విచ్చు వేలికి తగిలి చురుక్కుమంది. ఎడమపక్క కాలవ, కుడిపక్క ధాన్యం రాళ్ళు, నాలుగు పక్కలా మంచు. అద్దం అవతల ఏమీ లేదు.

ఆవిడ ఫోను టార్చి వేసి చెయ్యి బయట పెట్టింది. మంచులో ఆ వెలుతురు ఆమె చేతినే చూపించింది, వాచిన వేళ్ళని. రోడ్డుని చూపించలేదు.

"లోపల పెట్టు చెయ్యి. చలి."

"పోనీ ఇవాళ మానేద్దామండీ. తెల్లారాక ఇంటికెళ్దాం."

మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అప్పటికే రెండు రోజుల నీళ్ళు ఆమె ఒంట్లో ఉన్నాయి. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. నా దగ్గరున్న లెక్కల్లో ఒక్కటీ ఆ చీకట్లో పనికొచ్చేది కాదు. ఆమె ఊపిరి మాత్రం వినపడుతోంది. దాన్ని లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించాను.

వెనక నుంచి పాల వ్యాను వచ్చింది. చెయ్యి ఊపి ఆపి సంగతి చెప్పాను. డ్రైవరు, "నా ఎర్ర లైటు పట్టుకుని రండి సార్. కానీ ప్రతి పాల కేంద్రం దగ్గరా ఆగాలి నేను, క్యాన్లు ఎక్కించుకోవాలి" అన్నాడు.

అలాగే వెళ్ళాం. వ్యాను కదిలితే కదిలాం, ఆగితే ఆగాం. ప్రతిచోటా క్యాన్లు ఎక్కిస్తుంటే, మూతల చప్పుడు వింటూ కూర్చున్నాం. ఒక చోట డ్రైవరు గ్లాసుతో టీ తెచ్చి కిటికీలోంచి ఆమెకి ఇవ్వబోయాడు. ఆమెకి రోజుకి ఇన్ని గుక్కలని కొలత. "నాకొద్దు బాబూ, ఆయనకివ్వండి" అంది. నేను తాగలేకపోయాను.

ఆస్పత్రికి చేరేసరికి ఏడున్నర దాటింది. మూడు గంటల లోపే మిషను దించేశారు. ఆ రాత్రి ఆమె వెనక్కి వాలలేకపోయింది. వాలితే ఊపిరి అందదు. మంచం మీద కూర్చునే, ముందున్న స్టూలు మీద దిండు పెట్టి తల ఆనించుకుంది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. నా చేతి కింద వీపు ఎగసి పడుతుంటే, తొంభై బై యాభై ఐదు, తొంభై బై యాభై ఐదు అని బుర్రలో అదే తిరుగుతోంది. ఆ బల్బులు కొన్నది నేనే.

మర్నాడు మిల్లులోంచి వోల్టు మీటరు తెచ్చి చూశాను. ముందే చూడాల్సిన పని అది. కొత్త స్విచ్చు వేయించి, పాత బల్బులే పెట్టి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలిస్తే పదమూడున్నర వోల్టులు. బల్బు దగ్గర పదకొండు. మిగతాది దారిలో పోతోంది. సన్నటి పాత వైరు, తుప్పు పట్టిన హోల్డర్లు మింగేస్తున్నాయి. బల్బుకి వోల్టులు దాదాపు ఐదో వంతు తగ్గితే వెలుతురు ఇంచుమించు సగం పోతుంది. మా బల్బు బలహీనమైనది కాదు, దానికి తిండి అందలేదు. నేనేమో ఇంకా ఎక్కువ తినే బల్బు తెచ్చి పెట్టాను. ఆ వైరు కాలక ఏమవుతుంది?

ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, కరెంటు బరువు మోసే రెండు రిలేలు, కొత్త హోల్డర్లు, నాణ్యమైన యాభై ఐదు వాట్ల బల్బులు. స్టీరింగు దగ్గరి స్విచ్చు రిలేని మాత్రమే కదపాలి, బల్బు బరువు మొయ్యకూడదు. లైట్ల మొహం కాస్త కిందికి తిప్పి బిగించాలి, ఎదుటివాడి కళ్ళలో పడకూడదు.

"సగం పని మీరే చెప్పేశారు. మిగతా సగం కూడా మీరే చేసుకోండి, నేను టీ తాగొస్తాను" అన్నాడు నవ్వుతూ. సాయంత్రానికి చేసిచ్చాడు.

మళ్ళీ అదే నల్ల పట్టా, అదే గట్టు, అదే టేపు. ఈసారి ముప్పై రెండు మీటర్లు. రోడ్డు మీదే నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. నలభైకి అందింది, కాస్త మిగిలింది కూడా.

ఇంటికొచ్చి చెప్పాను. "ఒక్కోసారికి పన్నెండు నిమిషాలు. వారానికి ముప్పై ఆరు. అన్నీ మిషనుకే. ఇక నాలుగు గంటలూ పూర్తిగా దొరుకుతాయి నీకు."

ఆమె పిక్క నొక్కుకుంటూ ఉంది.

"ఆ పన్నెండూ నాకు ఇచ్చెయ్యండి."

"నీకేగా."

"మిషనుకి కాదండీ, నాకు. పన్నెండు నిమిషాలు ఆలస్యంగా లేపండి. ఆ మిషను మీద నాకు నిద్ర రాదు. ఆ మూడింటి నిద్రే నిద్ర. మీ లెక్కలో నిద్రకి గడే లేదు."

డాక్టరు ఏమన్నాడో, నీరు ఎంత మిగులుతుందో, రాత్రి ఎలా కూర్చోవాల్సి వచ్చిందో అన్నీ చెప్పాను. అన్నీ వింది. "సగం సగం" అంది చివరికి, బజారులో బేరమాడినట్టు. నేను ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేకపోయాను.

ఈవేళ నాలుగున్నరకి కారు వాకిట్లో పెట్టి లైట్లు వేశాను. వెలుతురు ప్రహరీ మీద పడి తిరిగొచ్చి మా గది కిటికీని కూడా వెలిగించింది. లోపల ఆమె మొహం మీదికి వెళుతుందని గబుక్కున ఆపేశాను. వెళ్ళి లేపాలి. గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. వాచీ చూసుకుని మళ్ళీ కారు దగ్గరికి వచ్చి, తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆరు నిమిషాలు. అంతకు మించి ఆగలేను.