పేగు తీగల మీద మా వదిన

మా వదిన ఊరి వాద్యబృందంలో సెల్లో వాయిస్తుంది. సెల్లో అంటే వయొలిన్‌కి పెద్దక్కలాంటిది, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించాలి. పెళ్ళయి మా ఇంటికి వచ్చినప్పటినుంచీ వేదిక మీద ఆవిడ చోటు వెనక వరుసలోనే, స్తంభం చాటున. ఆ స్తంభాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

ఇన్నాళ్ళకి ఆవిడకి ఒక్కతే వాయించే అవకాశం వచ్చింది. నూరేళ్ళ నాటి రచన, సెల్లో తప్ప ఇంకే వాద్యమూ ఉండదు. దాన్ని ఆ రోజుల్లో వాయించినట్టే వాయిస్తానని వదిన పట్టుబట్టింది. స్టీలు తీగలు తీసేసి, అప్పట్లోలా గొర్రె పేగుతో పేనిన తీగలు వేసింది. గరగరలాడే పాత రికార్డులు విని, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం నేర్చుకుంది. ఇప్పటివాళ్ళు ప్రతి స్వరాన్నీ వణికిస్తారు. ఆవిడ ఎక్కడో తప్ప వణికించడం మానేసింది. పాతవాళ్ళు పాట ఎత్తుకునే ముందు తీగలు సరిచూసుకుంటూ తోచింది కాసేపు వాయించేవారట. అదీ పట్టుకుంది. ఇంటి కింద తన గడియారాల కొట్లో మా అన్నయ్య పని ఆపి మరీ వినేవాడు.

బృందం నడిపే పెద్దాయన రిహార్సల్‌లో మొహం చిట్లించాడు.

"ఆ జారుడేంటమ్మా, మెట్ల మీద కాలు జారినట్టు?"

"రాసినాయన చెవిలో ఉన్నది ఈ చప్పుడేనండీ. తర్వాత మనమే తుడిచేశాం," అంది వదిన.

జారుడికి ఒప్పుకున్నాడు గానీ, ముందు వాయించే ఆ గోకుడు మాత్రం తీసేయమన్నాడు. జనానికి నచ్చకపోతే మళ్ళీ స్తంభం చాటుకే అని తేల్చి చెప్పాడు. వదిన సరేనంది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

కచేరీ రోజు హాలు కిక్కిరిసిపోయింది. రచనలో మొదటి భాగం నిక్షేపంగా నడిచింది. అది ముగిసేసరికి దీపాల వేడికి తీగ ఒకటి సడలి స్వరం దిగిపోయింది. వదిన మొహం పాలిపోయింది. ఆగి తీగ బిగించే మరలు తిప్పుకుంటే గుసగుసలు మొదలవుతాయి, అలాగే వాయిస్తే అపస్వరం.

వదిన కళ్ళు మూసుకుని తీగలన్నీ మెల్లగా మీటింది. కమాను ఆనించి తోచిందేదో ఎత్తుకుని, మధ్యమధ్య మర తిప్పుతూ, తప్పిన స్వరాన్ని బుజ్జగించి వెనక్కి తెచ్చుకుంది. తీసేయమన్న గోకుడే అది. జనం ముందుకు వంగి వింటున్నారు. సంగతి తెలిసింది మా అన్నదమ్ములకే. అన్నయ్య నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. అది చూసి వదిన కూడా నవ్వుతూనే రెండో భాగంలోకి వెళ్ళింది.

చప్పట్లు ఆగాక పెద్దాయన హడావుడిగా వచ్చాడు.

"అన్నిటికన్నా మధ్యలో ఆ చిన్న ముక్క బాగుందమ్మా. నా దగ్గరున్న కాగితాల్లో లేదే?"

"అది తీగ బిగించుకోవడమండీ. మీరు తీసేయమన్నదే."

ఆయన గడ్డం నిమురుకుంటూ, "వచ్చేసారి తీసెయ్యకమ్మా," అన్నాడు.

వచ్చేసారి అన్న మాట వినగానే వదిన సెల్లోని అన్నయ్య చేతుల్లో పెట్టి, నిలబడ్డ చోటే ఏడ్చేసింది. సంతోషంతోనే లెండి. నేను వేదిక ఎక్కి, స్తంభం చాటున ఉన్న ఆవిడ కుర్చీని మడిచి గోడకి ఆనించి వచ్చాను.