ఫుల్డా స్టేషనులో శేషగిరి

ప్లేనో ఊళ్లో మనవాళ్లెవరు జర్మనీకి సొంతంగా రైలు ప్రయాణం తలపెట్టినా, ముందు శేషగిరి ఇంటి గడప తొక్కవలసిందే. ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు వెదకడం అతడి ఉద్యోగం. ఆ కంటితోనే రైళ్ల వేళలు పరిశీలించి, టికెట్టు కొన్నంతమాత్రాన సీటు రాదనీ, అది విడిగా రిజర్వు చేసుకోవాలనీ, రైస్‌కుక్కరున్న సూట్‌కేసుతో రైలు మారడానికి ఇరవై నిమిషాలైనా ఉండాలనీ విడమరచి, కాగితం మీద రాసి ఇచ్చేవాడు.

అంతటివాడు జర్మనీ మొహం చూసి ఎరుగడు. పదహారేళ్లుగా గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాడు. దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదోనన్న బెంగ అతడిని కదలనివ్వలేదు.

గత అక్టోబరులో, జర్మనీ చూసి వచ్చిన కావ్యశ్రీ అనే అమ్మాయి, ఫుల్డా స్టేషనులో రైలు మారుతుండగా అంకుల్ కనిపించారనీ, పిలిస్తే పలకలేదనీ ఫోనులో నిష్ఠూరమాడింది. శేషగిరి నవ్వి ఊరుకున్నాడు. నెల తిరగకముందే అనీష్ దంపతులూ అదే చెప్పారు. ఏడో ప్లాట్‌ఫారం, మెడలో బూడిదరంగు మఫ్లరు, చూపు గడియారం మీద. అటువంటి మఫ్లరు అతడికి లేనే లేదు. మూడోసారి మరొకరు చెప్పినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

"పక్కన మీ ఆంటీ ఉందా?" అని అడిగాడు.

లేదట. ఒక్కరే నిలబడి ఉన్నారట.

ఫిబ్రవరిలో గ్రీన్‌కార్డు వచ్చింది. "అందర్నీ రైలెక్కించారు, నన్నెప్పుడు ఎక్కిస్తారు? ఏప్రిల్‌కి బుక్ చేయండి" అంది భార్య సుబ్బులు. ఫుల్డాను తప్పిస్తూ శేషగిరి మూడు దారులు గీశాడు. వేళలు కుదరక మూడూ మళ్లీ ఫుల్డాకే చేరాయి. ఇంతలో సుబ్బులు, అక్కడ చలిగా ఉంటుందంటూ అతడికొక మఫ్లరు కొని తెచ్చింది. బూడిదరంగుది.

తాను అక్కడ ఒంటరిగా నిలబడ్డాడంటే, సుబ్బులుకు ఏమవుతుంది? నాలుగు రోజులు బుకింగు బటన్ నొక్కలేకపోయాడు. ఆమెతో చెప్పనూ లేకపోయాడు.

అయిదోనాటి ఉదయం, అతడు వేసిచ్చిన దారినే ప్రయాణిస్తున్న స్నేహితుడు జితేందర్, శేషగిరి ముందే కోరినట్టు ఫుల్డాలో దిగి ఫోన్ చేశాడు. వంటింట్లో సుబ్బులు పోపు వేస్తోంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి.

"నిన్ను చూడనీకి జర్మనీ దాకా రావాల్నా అన్నా? ఏడో ప్లాట్‌ఫారం మొత్తం చెక్ చేసిన. నువ్వు లేవు." అంతలో గొంతు తగ్గింది. "వదిన ఉందన్నా. బెంచీ మీద ఒక్కతే కూసుంది. ఒళ్లో మఫ్లరు పెట్టుకుంది."

శేషగిరి ఫోను పెట్టేశాడు. నాలుగు రోజుల బరువు గుండె మీదినుంచి దిగిపోయింది. ఆమెకేమీ కాదు. అయ్యేదేదో తనకే. పక్కపక్కన రెండు సీట్లు రిజర్వు చేసి, సుబ్బులును కేకవేసి, రైలు వేళల కాగితం ముందు పెట్టి ఎదుట కూర్చోబెట్టుకున్నాడు.

"ఇది ప్లాట్‌ఫారం నంబరు. ప్లాట్‌ఫారం మీద ఈ అక్షరం రాసున్నచోట మన రైలుపెట్టె ఆగుతుంది. ఆఖరి నిమిషంలో మార్చేస్తారు, బోర్డు చూస్తూ ఉండాలి."

"మీరుండగా నాకెందుకండీ ఇవన్నీ?"

అతడు కాగితం ఆమె వైపు తిప్పి, ఫుల్డా నుంచి నేరుగా విమానాశ్రయానికి పోయే రైలేదో ఆమె చేతనే వెదికించి, దాని కింద ఆమె చేతనే గీత గీయించాడు.